పండుగ సెలవు ఎవరు నిర్ణయిస్తారు?

మన చిక్కబళ్ళాపుర ప్రాంతంలో తరచుగా వినబడే మాట ఒకటుంది. "ఈరోజు సర్కారు రజా. మా ఫ్యాక్టరీకి మాత్రం లేదు. ఇదేం న్యాయం?" అని.

సర్కారు క్యాలెండరులో ఎర్ర అంకెలన్నీ ప్రైవేటు ఫ్యాక్టరీకి వర్తించవు. వాటికి వేరే చట్టం ఉంది. 1963 నాటి కర్ణాటక పారిశ్రామిక సంస్థల జాతీయ, పండుగ సెలవుల చట్టం అది. దాని ప్రకారం ఏడాదికి 10 రోజులు జీతంతో సెలవు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1. ఈ ఐదింటినీ యజమాని మార్చడానికి లేదు. మిగిలిన ఐదూ పండుగలవి. అవి ఏవన్నది యజమానినీ, కార్మికులనూ సంప్రదించి ఇన్‌స్పెక్టరు నిర్ణయిస్తారు.

గమనించారా? కార్మికులను కూడా అడగాలి. బెంగళూరు ఆఫీసులో తయారైన పట్టీని గోడకు అంటించేస్తే సరిపోదు. చింతామణి దగ్గర కైవారంలో గురుపూర్ణిమ ఎంత పెద్ద పండుగో బెంగళూరు గుమాస్తాకు ఏం తెలుసు? నందిలో శివరాత్రి తేరు సంగతీ అంతే. మీకు కావలసిన పండుగేదో, పట్టీ ఖాయం కాకముందే నలుగురూ కలిసి చెప్పండి. ఆ తరువాత గొణుక్కుంటే వినేవారుండరు.

బాగేపల్లి వారికి ఒక చిన్న మాట. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు పనికి పోతే అక్కడి చట్టమే వర్తిస్తుంది. ఇల్లు ఇక్కడుంది కదా అని కర్ణాటక చట్టం చూపి నవంబరు 1న రజా అడగలేరు. పని ఎక్కడో చట్టం అక్కడిది.

సెలవు రోజున పనికి రమ్మంటే? రెట్టింపు కూలి ఇవ్వాలి. లేదా ఆ రోజు కూలి ఇచ్చి, బదులుగా మరొక రోజు జీతంతో సెలవివ్వాలి. "టీ, టిఫిను పెట్టాం కదా" అంటే చెల్లదు.

ఇక సంపాదిత సెలవు. ఫ్యాక్టరీలో 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున వస్తుంది. మునుపు ఏడాదిలో 240 రోజులు పనిచేస్తేనే ఈ హక్కు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి దాన్ని 180 రోజులకు తగ్గించింది. మీరు అడిగిన సెలవును యజమాని నిరాకరిస్తే అది పోదు, వచ్చే ఏడాది ఖాతాలో చేరుతుంది. కాని నోటిమాటగా అడిగితే, అడిగారనడానికి రుజువేముంది? అర్జీ రాసివ్వండి. నకలు మీద తేదీ, సంతకం వేయించుకుని ఇంట్లో పెట్టుకోండి.