మా యింటి పద్దుల పుస్తకము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించిరి. ఏ విషయమును గురించి మాటలాడవలెనని అడిగితిని. “మీ చిన్ననాటి సంగతులు చెప్పండి, మావాళ్లు వింటారు” అనిరి. పెద్ద విషయమేదైన నిర్ణయించియుండినచో నాలుగు పుస్తకములు తిరుగవేసి వచ్చియుందును. చిన్ననాటి సంగతులకు ఆ శ్రమ యక్కరలేదు. అందుచేత వట్టి చేతులతో వచ్చితిని. నేను ఏవో కొన్ని కథలు వ్రాసి రచయిత ననిపించుకొంటిని. అందుకు కారణమైన యిల్లు ఎట్టిదో, ఆ యింట పుస్తకమెట్లు ప్రవేశించెనో, నావలన ఆ యింట జరిగిన తప్పు ఏదో చెప్పి సెలవు తీసికొందును.

నేను పుట్టి పెరిగిన ఊరు తెనాలి. సీతానగరమువద్ద కృష్ణను విడిచిన కాలువనీరు దుగ్గిరాలమీదుగా వచ్చి, మూడు కాలువలై మా ఊరినడుమగా సాగిపోవును. గుంటూరునకును రేపల్లెకును రైలుదారులు చీలు కూడలి గనుక రాత్రింబవళ్లు కూతలు వినవచ్చుచుండెడివి. నాటకములు, అచ్చుకూటములు, బియ్యపు మిల్లులు, ఈ మూడింటితో ఆ దినములలో ఊరు కలకలలాడుచుండెడిది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో జన్మించినది ఆ ఊరిలోనే. 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించినవారిలో ఒకరైన చక్రపాణిగారిది కూడ ఆ ఊరే. ఇవన్నియు నేను పెద్దవాడనైన పిమ్మట తెలిసికొన్న గొప్పలు. నాకు బాల్యమున తెలిసిన తెనాలి యనగా మా పెంకుటిల్లు, పెరటిలోని నుయ్యి, కరివేపచెట్టు, వీథి చివర కాలువ రేవు. అంతే.

మా యింట ఆరుగురము. నాయనమ్మ, నాన్నగారు, అమ్మ, అక్క, నేను, తమ్ముడు. నాన్నగారు బియ్యపు మిల్లులో గుమాస్తా. పగలంతయు మిల్లు పద్దులు వ్రాసి, రాత్రి భోజనమైన తరువాత లాంతరుముందు కూర్చుండి ఇంటి పద్దులు వ్రాయుచుండెడివారు. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చినవి. అణాకు ఆరు నయాపైసలు, నాలుగణాలకు ఇరువదియైదు. “ఆరు నాళ్లు ఇరవైనాలుగే గదా, మిగిలిన పైస ఏమైందిరా?” యని నన్నడిగి, నేను తెల్లమొగము వేయగా నవ్వుచుండెడివారు. ఆ పైస యెవరికిని నష్టము కాకుండునట్లు ఆయన కొన్ని నెలలు రెండు విధముల లెక్కలును ప్రక్కప్రక్కనే వ్రాసిరి. ఆయన స్వభావమట్టిది. ఎవరికిని బాకీపడరాదు. పడినచో వ్రాసికొనక మానరాదు.

ఆ పద్దుల పుస్తకములో ప్రతినెలయు మొదటి పుటయందు బియ్యము, పప్పు, పాలు, కిరసనాయిలు, ఇంటి అద్దె వరుసగా నుండెడివి. వాని క్రిందనే ‘గ్రంథాలయ చందా’ యని యొక పంక్తి యుండెడిది. మిల్లు మూతపడి జీతము సగమైన నెలలలో పాలు తగ్గినవి, పప్పు తగ్గినది. ఆ పంక్తి మాత్రము తప్పలేదు. నాన్నగారు పత్రిక తప్ప పుస్తకము చదువువారు కారు. మరి ఆ చందా యెవరికొరకు?

మా అమ్మకొరకు.

మా అమ్మ పుట్టినిల్లు కాలువగట్టుమీది పల్లె. మూడవ తరగతి కాగానే ఆమెను బడి మాన్పించిరి. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘము వెలసిన తరువాత అయ్యంకి వెంకట రమణయ్యగారి వంటి పెద్దలు ఊరూర గ్రంథాలయములు స్థాపించుటకు ఎంతో పాటుపడిరి. వారి బాటలోనే 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువలో పడవ గ్రంథాలయమును నడిపించిరి. అప్పటికి మా అమ్మకు పదేండ్లు. నీళ్లబిందె కొరకు రేవునకు పోయిన పిల్ల, పడవలో పెద్దలు పుస్తకములు పట్టుకొని చదువుచుండుట చూచి బిందెను మరచి నిలువబడిపోయెనట. మా మేనమామ ద్వారా ఒకటొకటిగా పుస్తకములు తెప్పించుకొని, మరచిపోయిన అక్షరములను కూడబలుకుకొని, మరల చదువరియైనది. “బడి మూడేళ్లు, పడవ ఆరేళ్లు, అదీ నా చదువు” అని ఆమె చెప్పుచుండెడిది. పెండ్లియై తెనాలి వచ్చినప్పుడు ఆమె భర్తను కోరిన మొదటి కోరిక చీర కాదు, నగ కాదు, ఈ చందా. నాన్నగారు పద్దులో వ్రాసికొనిరి. వ్రాసిన పద్దు ఆయన కొట్టివేయలేదు.

నాయనమ్మకు మాత్రము ఇది గిట్టలేదు. “ఆడది పుస్తకం పడితే అన్నం మాడుతుంది” అనెడిది. ఒకనాడు నిజముగనే అన్నము మాడినది. ఆ దినమున నాయనమ్మ ముఖమున కనబడిన సంతోషమును నేను మరువలేను. అయితే కాలక్రమమున ఆమె కన్నులకు శుక్లములు కమ్మినవి. దీపము పెట్టిన తరువాత ఆమెకు ఏమియు తోచెడిది కాదు. అమ్మ ఒకనాడు, “అత్తయ్యా, భారతం చదవనా?” యని అడిగెను. నాయనమ్మ ఔననలేదు, కాదనలేదు. నులకమంచమును మాత్రము లాంతరు ప్రక్కకు జరిపించుకొనెను. నాటినుండి ప్రతిరాత్రియు భారత వచనము మా వసారాలో సాగెను. అమ్మ కలిపి చేతిలో పెట్టిన ఆవకాయ ముద్దలు తినుచు మేము వినెడివారము. ధర్మరాజు జూదమాడినప్పుడు నాయనమ్మ కోపము పట్టలేక మంచముమీద లేచి కూర్చుండి, “ఇంత బుద్ధిహీనుడేమే అమ్మాయ్!” అని అమ్మను దండించినట్లు అడిగెడిది.

ఆ దినములలో స్త్రీలు గ్రంథాలయమునకు పోవుట మా వీథిలో ఆచారము కాదు. అందుచేత మా అక్కయే పోయి, నాన్నగారి పేరున పుస్తకములు తెచ్చి యిచ్చుచుండెడిది. అక్కకు అప్పటికి పండ్రెండేండ్లు, నాకు తొమ్మిది. ఆమెకును చదువనిన ప్రాణము. లెక్కల పుస్తకము నడుమ కథల పుస్తకము దాచుకొని చదువుచు ఒకటి రెండుసార్లు పట్టుబడినది కూడ.

1958 వేసవిలో నేను చేసిన తప్పు ఇది. భారత వచనము అరణ్యపర్వములో నలుని కథ జరుగుచున్నది. ఆ పుస్తకములో బొమ్మలుండెను. వానిని స్నేహితులకు చూపి మెప్పు పొందవలెనని, ఎవరితోను చెప్పక దానిని రేవునకు తీసికొనిపోతిని. మెట్టుమీద పెట్టి ఈతకు దిగితిని. మేము దూకిన అలలకో, నా తువ్వాలు తగులుటచేతనో, అది జారి నీళ్లలో పడెను. మూడుసార్లు మునిగి వెదకితిని. దొరకలేదు.

ఇంటికి వచ్చుసరికి పుస్తకమునకై వెదకుచుండిరి. నాన్నగారు నావంక చూచిరి. నా నోటినుండి ఈ మాట వచ్చెను: “అక్క బడికి పట్టుకుపోవడం చూశాను.”

అక్క లేదని ఏడ్చెను. ఇంతకుముందు పట్టుబడిన పిల్ల గనుక ఎవరును నమ్మలేదు. నాయనమ్మ, “ఇకమీదట ఆడపిల్ల గ్రంథాలయం గడప తొక్కనక్కరలేదు. బడి ఉన్నంతవరకు బడి చాలు” అని తీర్పు చెప్పెను. పోయిన పుస్తకము తిరిగి వచ్చువరకు వేరొకటి ఇయ్యరు. ఇంటిలోనే దొరకునను ఆశతో నాన్నగారు వెల కట్టక వేచియుండిరి. ఈ విధముగా నా యొక్కమాటతో అక్క చదువు, అమ్మ చదువు, నాయనమ్మ వినికిడి, మూడును ఒక్కమారే ఆగిపోయినవి. అది చూచుచు నేను రోజును అన్నము తినుచుంటిని.

ఇరువదియేడవ నాటి రాత్రి పెద్దవాన కురిసెను. అందరమును వసారా వదలి లోపలి గదిలో పడుకొంటిమి. చీకటిలో నాయనమ్మ, “అమ్మాయ్, ఆ కథ ఎక్కడ ఆగింది?” అని అడిగెను. నలుని కథ ఆమెకు తెలియనిది కాదు. హరికథలలో ఎన్నిమార్లు వినియుండెనో. అయినను అడిగెను. అమ్మ తాను చదివినంతవరకు జ్ఞాపకమునుండియే చెప్పెను. నిదురించుచున్న దమయంతిని అడవిలో విడిచి నలుడు వెడలిపోయెను. “ఇంతవరకే చదివాను అత్తయ్యా” అని అమ్మ ఊరకుండెను. నాయనమ్మ కొంతసేపటికి, “పాపం, ఆ పిల్ల ఇన్నాళ్లుగా అడవిలోనే ఉండిపోయింది” అనెను.

ప్రక్కచాపమీద అక్క మేలుకొనియే యున్నదని నాకు తెలియును. నేనిక తాళలేకపోతిని. వెక్కి వెక్కి యేడ్చుచు జరిగినదంతయు చెప్పితిని.

ఎవరును నన్ను కొట్టలేదు. నాన్నగారు లాంతరు వెలిగించి పద్దుల పుస్తకము తెరచి, ‘కాలువలో పోయిన పుస్తకము వెల, 1 రూపాయి 50 నయాపైసలు’ అని వ్రాసిరి. దాని క్రింద మరియొక పంక్తి వ్రాసి నాచేత చదివించిరి. ‘చిన్నవాడు అక్కకు బాకీ, 27 దినములు.’ నేను గద్గదస్వరముతో చదివితిని. ఆ పంక్తికి ఎదురుగా జమ యేమియు వ్రాయక పుస్తకము మూసివేసిరి.

తెల్లవారగానే నాయనమ్మ అమ్మను పిలిచి, “నువ్వే వెళ్లి డబ్బు కట్టి రా. పిల్లను కూడా తీసుకువెళ్లు. అక్కడ నీ పేరు రాయించుకో. పిల్లల చేతుల్లో నా భారతం ఉండడానికి వీల్లేదు” అని చెప్పెను. తన తీర్పును తాను మార్చుకొన్నట్లు ఆమె ఒప్పుకొనలేదు. భారతముమీద పెట్టి చెప్పెను. ఆ ఉదయమున మా అమ్మ తలమీదికి కొంగు లాగికొని, అక్క చేయి పట్టుకొని గ్రంథాలయమునకు నడచెను. వెనుక నేను. తెనాలి వచ్చిన పదునేడేండ్లకు ఆమె ఆ గడప దాటుట అదియే మొదలు. చందాదారుల పట్టికలో తన పేరు తానే వ్రాసెను. మూడవ తరగతినాటి దస్తూరి. అక్షరములు పెద్దవిగా, ఎడమెడముగా నుండెను. ఆ పేరును ఆమె చాలసేపు చూచుచు నిలుచుండెను. నా జీవితమున వ్రాత యనిన ఇట్టిదని తెలిసినది ఆ దినముననే.

అక్క ఆ తరువాత ఎనిమిదవ తరగతితో బడి మానవలసివచ్చినది. పెండ్లియై వెడలినది. కాని ఏ ఊరనున్నను గ్రంథాలయమును విడువలేదు. నామీద నిందగా ఆ మాట యెన్నడును ఎత్తలేదు. నాయనమ్మ పోయినది, నాన్నగారును అమ్మయు పోయిరి. పద్దుల పుస్తకములు మాత్రము నావద్ద నున్నవి.

క్రిందటి సంవత్సరము అక్కను చూడబోతిని. ఆమెకు ఎనుబదేండ్లు సమీపించుచున్నవి. కంటికి శస్త్రచికిత్స జరిగినది. పది దినములు చదువరాదని వైద్యులు చెప్పిరట. నేను అచటనే యుండి ఆ పది దినములును ఆమెకు పుస్తకము చదివి వినిపించితిని. నేను బయలుదేరునప్పుడు అక్క నవ్వుచు, “ఒరేయ్, ఇంకా పదిహేడు రోజులు ఉన్నాయి” అనెను. అరువదియేండ్లకు పైగా ఆమెయు ఆ లెక్కను మనసున నుంచుకొన్నదని నాకు అప్పుడు తెలిసినది.

సోదరులారా, ఇందులో గొప్ప సంగతులేవియు లేవు. ఇట్టి యిండ్లు ఆ కాలమున మా ఊరిలో ఎన్నియో యుండెడివి. అయినను గ్రంథాలయము మూతపడిన ఇరువదియేడు దినములలో ఒక యింట ఎంత చీకటి కమ్మునో నేను చూచితిని గనుక మీకు మనవి చేయుచున్నాను. మన గ్రంథాలయ శాసనము 1960లో వచ్చినది. అంతకుముందు 1948లోనే మద్రాసు రాజ్యమున ఇట్టి శాసనము పుట్టినది. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సుంకమును చెల్లించు ఏర్పాటు వానివలననే కలిగినది. అనగా గ్రంథాలయముల కొరకు మనము డబ్బు చెల్లించుచునే యున్నాము. గడప దాటి లోపలికి పోవుటయే మిగిలియున్నది.

అందుచేత నాదొక చిన్నకోరిక. నేడు సభ ముగిసిన తరువాత మీరందరును ఒకమారు చందాదారుల పట్టికను తిరుగవేసి చూడుడు. అందులో మీ యింటి ఆడువారి పేర్లున్నవా? మీ పేరున వారు చదువుట కాదు, వారి పేరు వారే వ్రాసికొన్నారా? లేనిచో ఈ రజతోత్సవపు టేటనే వ్రాయింపుడు. కన్నులు కనబడని పెద్దలు ఇంట నున్నచో రాత్రి ఒక అరగంట వారికి చదివి వినిపింపుడు. తెచ్చిన పుస్తకమును తిరిగి యిండు. అది మీ యింట పడియున్నన్ని దినములు మరియొకరి కథ నడుమ ఆగియుండును.

  నాకు సెలవిప్పింపుడు. మా అక్కకు ఇంకను పదునేడు దినములు బాకీయున్నాను.