లాగే బలం కాదు, ఆపే బలం చూసుకోండి

(సంఘం మండల శిక్షణా తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు రైతుల కార్డుల గురించి నా ముందు మాట్లాడినవాళ్ళు వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం ట్రాక్టరు వెనక తగిలించే ట్రాలీ. మన వైపు ట్రక్కు అంటాం, తొట్టి అంటాం. ఇందులో తరగతి చెప్పేంత ఏముంది, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే కదా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నా కళ్ళు ఎలా తెరుచుకున్నాయో చెబుతాను.

మా అక్క కొడుకు అమెరికాలో, కాలిఫోర్నియాలో ఉంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఫోనులో తన బండి చూపించాడు. నాలుగు సిలిండర్ల టయోటా టకోమా పికప్పు. దాని వెనక తగిలించిన చిన్న ఇల్లు. అందులో మంచం, పొయ్యి, కిటికీ అన్నీ ఉన్నాయి. సెలవులు వస్తే భార్యాపిల్లలతో కొండల్లోకి పోయి, ఆ ఇంట్లో నాలుగు రోజులు ఉండి వస్తారట.

"నాలుగు సిలిండర్లే గదరా, ఇల్లంత బరువు లాగుద్దా?" అని అడిగాను.

"లాగటానికేం మామయ్యా, లాగుద్ది. ఆపటమే చూసుకోవాలి" అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సరిగా ఎక్కలేదు. తర్వాత వాడు వివరంగా చెప్పాడు. ఆ బండి 3500 పౌండ్ల వరకు లాగవచ్చని కంపెనీవాళ్ళు రాసిచ్చారు. అంటే సుమారు 1590 కిలోలు. అది ఖాళీ ఇంటి బరువు కాదు, నీళ్ళు, గ్యాసు, గిన్నెలు, బట్టలు అన్నీ నింపాక ఉండే బరువు. వంద లీటర్ల నీళ్ళు పోస్తే వంద కిలోలు పెరిగినట్టే. అందుకని మొదటిసారి బయలుదేరే ముందు కాటా మీదికి ఎక్కించి తూకం వేయించాడు. మనం వడ్లను కాటా వేయిస్తాం, ఎందుకంటే డబ్బులొస్తాయి. బండి ఎంత మోస్తున్నదో తెలుసుకోవటానికి కాటా వేయించినవాడు మనలో ఎవరైనా ఉన్నారా?

ఇంకా చెప్పాడు. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు హుక్కు మీద పడేలా సామాను సర్దుకోవాలి. బరువు వెనక్కి పోతే ఆ ఇల్లు పాము తోకలాగా అటూ ఇటూ ఊగి ముందున్న బండిని కూడా రోడ్డు మీద నుంచి లాగేస్తుంది. హుక్కు ఊడితే పట్టుకోవటానికి రెండు గొలుసులు కత్తెర వేసినట్టు అడ్డంగా కట్టాలి. ఆ రాష్ట్రంలో 1500 పౌండ్లు, అంటే మన లెక్కన 680 కిలోలు దాటిన ఇలాంటి ఇంటి ట్రైలరుకు సొంత బ్రేకు ఉండాలి. ట్రైలరు లాగే బండి గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్లు దాటకూడదు. కొండ ఎక్కేటప్పుడు కుడి పక్కన లారీల వరసలో మెల్లగా పోవాలి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి.

చివరికి నేను అడిగాను: "పిల్లలు నిద్రపోతుంటే ఆ మంచం మీద పడుకోబెట్టి తీసుకుపోవచ్చు గదా?"

"కుదరదు మామయ్యా. బండి కదులుతున్నప్పుడు అందులో ఎవరూ ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు" అన్నాడు.

మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరుపూ కిటికీ ఉన్న ఇంట్లోనే, కదులుతున్నప్పుడు మనిషి ఉండకూడదని అక్కడ అంటున్నారు. కూర్చోవటానికి బల్ల కూడా లేని ఇనుప తొట్టిలో మనం ముప్పై మందిని నింపుతున్నాం. ఆ తొట్టికి బ్రేకు లేదు.

ఏమయిందో మీకు తెలుసు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మూసీ కాలువలో ట్రాలీ పడి పదిహేను మంది. 2020 మే నెలలో మన ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప పనికి పోయి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని తొమ్మిది మంది. పోయినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ మూడు చోట్లా కారణాలు ఒకటే అని నేను అనటం లేదు. కాని మూడు చోట్లా మనుషులు ఉన్నది ట్రాలీతో పోయే ట్రాక్టరు మీదే.

ఇప్పుడు నా సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే మీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. ఎనిమిదేళ్ళ కిందట మిరపకాయలు కోయించటానికి పక్క ఊరి నుంచి ఇరవై రెండు మందిని ట్రాలీలో తెచ్చాను. నాదీ నాలుగు సిలిండర్ల ట్రాక్టరే. ఎంతయినా లాగుతుందని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. హుక్కు పిన్ను అరిగిపోతే లేతు షాపు దాకా ఎవడు పోతాడని ఒక ఇనుప కడ్డీ ముక్క దూర్చాను. అడుగున గొళ్ళెం లేదు. కాలువ వంతెన దిగేచోట గుంటలో పడి ఎగిరింది, కడ్డీ పైకి లేచి ఊడిపోయింది. ట్రాలీ ముక్కు నేలకు గుచ్చుకుని ఆగింది. పది అడుగులు ముందుగా ఊడి ఉంటే కాలువే. ఒక అమ్మకు కాలు విరిగింది. నా కంటే పెద్దది, నన్ను "అయ్యా" అని పిలిచేది. ఆ ఏడు మిరప కోతలకు ఆమె రాలేదు, తర్వాత ఏడు కూడా రాలేదు. ఆసుపత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. బీమా కోసం పోతే, మీ పాలసీ వ్యవసాయ పనికి, తొట్టిలో ఎక్కిన మనిషికి కాదు అన్నారు. పది రూపాయల గొళ్ళెం పెట్టకపోవటం వల్ల జరిగింది ఇదంతా.

ఎందుకు ఇలా అవుతుందో కొంచెం లెక్క చూద్దాం. 45 హార్స్ పవర్ ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. ఖాళీ ట్రాలీ టన్నున్నర అనుకుందాం. 75 కిలోల బస్తాలు ఎనభై వేస్తే ఆరు టన్నులు. అంటే వెనక ఏడున్నర టన్నులు. బ్రేకులు ఎక్కడున్నాయి? ట్రాక్టరు వెనక చక్రాలకు మాత్రమే. మా మేనల్లుడి బండి తన బరువు కంటే తక్కువ బరువును, అదీ సొంత బ్రేకు ఉన్నదాన్ని లాగుతుంది. మనది తన బరువుకు మూడు నాలుగు రెట్లు, బ్రేకు లేనిదాన్ని లాగుతుంది. మెల్లగా పొలం బాటలో పోతున్నంత సేపు ఫరవాలేదు. వేగం రెట్టింపయితే ఆగటానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. ఇరవైలో పోయేటప్పుడు ఆగిన బండి నలభైలో ఆగుతుందనుకోకండి. ముందు ట్రాక్టరు ఆగినా వెనక ఏడున్నర టన్నులు ఆగవు. పక్కకు నెట్టి ట్రాక్టరును మడతపెడతాయి.

సిలిండర్లు మూడా నాలుగా అన్నది అమ్మేవాడు చెప్పే మాట. అది లాగటానికి సంబంధించినది. ప్రాణం పోయేది లాగలేక కాదు, ఆపలేక.

అయినా మనం ఎందుకిలా చేస్తున్నాం? రైతు దుర్మార్గుడు కాదు. మిరప పండి చేలో రాలుతుంటే కూలీలు దొరకరు. పది కిలోమీటర్ల అవతల ఊరి నుంచి తెచ్చుకోవాలి. తెల్లవారుజామున ఆ దారిలో బస్సు ఉండదు. ఆటోలో ఆరుగురికి బదులు పదిహేను మంది వేలాడతారు. దానికంటే ట్రాలీ నయం అనిపిస్తుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు వచ్చే కుటుంబాలను చూడండి. జొన్నల మూట, గిన్నెలు, పసిపిల్లలు, ముసలివాళ్ళు, అందరూ ఒకే వ్యానులో కుక్కుకుని వస్తారు. అమెరికాలో సెలవుల కోసం ఇల్లు వెనక తగిలించుకు తిరుగుతారు. ఇక్కడ వాన పడక, బోరు ఎండి, ఇల్లు మూటగట్టుకుని తిరుగుతారు.

ట్రాలీని తక్కువ చేసి మాట్లాడటం లేదు. 2020 నవంబరు నుంచి 2021 డిసెంబరు దాకా ఢిల్లీ సరిహద్దుల్లో పంజాబు, హర్యానా రైతులు ట్రాలీల మీద టార్పాలిను కప్పి, అడుగున గడ్డి పరిచి, బ్యాటరీ బల్బు వెలిగించుకుని రెండు చలికాలాలు చూశారు. అక్కడి నుంచి వచ్చిన పత్రికకు ట్రాలీ టైమ్స్ అని పేరు పెట్టారు. మూడు చట్టాలు వెనక్కి పోయాయంటే అందులో ఆ ట్రాలీలకు కూడా వాటా ఉంది. కాని గుర్తుపెట్టుకోండి, ఆగి ఉన్నప్పుడే అది ఇల్లు. కదిలితే సరుకు బండే.

ఇక చేయవలసినవి. మొదట మన చేతిలో ఉన్నవి చెబుతాను.

ఒకటి, హుక్కుకు సరైన మందం పిన్నే వేయండి. అడుగున గొళ్ళెం తప్పనిసరి. ట్రాలీకీ ట్రాక్టరుకూ గొలుసు కట్టండి.

రెండు, దమ్ము చేసేటప్పుడు మలుపు తిప్పటానికి బ్రేకు పెడళ్ళు రెండూ విడదీస్తాం. రోడ్డెక్కే ముందు వాటిని కలిపి గొళ్ళెం పెట్టండి. మరిచిపోయి వేగంలో ఒక్క పెడలు తొక్కితే బండి ఒక పక్కకే తిరిగిపోతుంది.

మూడు, ట్రాలీని ఎప్పుడూ కిందనున్న హుక్కుకే తగిలించండి. పైన తగిలిస్తే, ఎక్కుడులో ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది.

నాలుగు, కాలువ కట్ట దిగేటప్పుడు న్యూట్రల్ చేయకండి. డీజిలు మిగులుతుందని చేసే పని ఇది. ఎక్కిన గేరులోనే దిగండి.

ఐదు, రెండు చక్రాల ట్రాలీలో బరువంతా వెనక్కి వేయకండి. మరీ ముందుకూ వేయకండి. ఇరుసుకు కొంచెం ముందుకు ఉండాలి.

ఆరు, వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు అతికించండి. చీకట్లో రోడ్డు పక్కన ఆగిన ట్రాలీని వెనక నుంచి వచ్చి గుద్దుకునే మోటారు సైకిలు పిల్లవాడు కూడా మన ఊరివాడే.

ఏడు, మడ్‌గార్డు మీద మనిషిని, లైసెన్సు లేని కుర్రవాణ్ణి స్టీరింగు మీద కూర్చోబెట్టకండి.

ఇవన్నీ చేసినా ట్రాలీలో మనుషులను తీసుకుపోవటం మంచిదని నేను చెప్పటం లేదు. అది మానాలి. మానాలంటే వేరే దారి చూపించాలి. అందుకని సంఘం తరఫున అడగవలసినవి నాలుగు. కోతలు, నాట్ల కాలంలో కూలీలు ఎక్కువ పోయే దారుల్లో తెల్లవారుజామున ఆర్టీసీ బస్సు నడపాలి. కాలువ కట్టల మీద రోడ్లకు, వంతెనలకు రక్షణ గోడ కట్టాలి. యంత్రాలకు ఇచ్చే రాయితీలో ట్రాలీకి బ్రేకులు బిగించే ఖర్చు కూడా చేర్చాలి. పనికి పోయే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగే ప్రమాదానికి వ్యవసాయ కూలీకి బీమా ఉండాలి. ప్రమాదం జరిగిన మర్నాడు నాలుగు ట్రాక్టర్లు పట్టుకుని కేసులు రాసి, వారం తర్వాత మరిచిపోతే ఏమీ మారదు.

కొందరు సోదరులు అంటారు, ఇది కూలీల సమస్య, మన సంఘం రైతులది అని. నేను ఒప్పుకోను. మన మిరప కోసేది వాళ్ళు, మన పొలానికి వస్తూనే పడిపోయింది వాళ్ళు. బీమా లేకపోతే పరిహారం కోసం కోర్టులో మన పొలమే తాకట్టు పడుతుంది. రైతునూ కూలీనీ విడదీసి చూసే సంఘం ఏ పోరాటమూ గెలవదు.

ఈ నెలలోనే మన మండలంలో ప్రతి గ్రామ శాఖా ఒక ఆదివారం పెట్టుకోవాలని కోరుతున్నాను. ఊళ్ళో ఉన్న ట్రాలీలన్నీ ఒకచోట నిలపండి. వెల్డింగు చేసే అబ్బాయిని పిలవండి. పిన్ను, గొళ్ళెం, గొలుసు, రేడియం చూడండి. ఎన్ని ట్రాలీలు సరిచేశారో వచ్చే సమావేశానికి రాసుకుని రండి. కూలీ అక్కలను కూడా పిలవండి. వాళ్ళు ఎక్కే బండి ఎలా ఉందో చూసే హక్కు వాళ్ళకు ఉంది.

కాలు విరిగిన ఆ అమ్మ మొన్న సంతలో కనిపించింది. కర్ర సాయంతో నడుస్తున్నది. "పిన్ను మార్చావా అయ్యా?" అని అడిగింది. మార్చానని చెప్పాను. మీరు కూడా ఇంటికి పోగానే ముందు మీ ట్రాలీ పిన్ను చూసుకోండి. సెలవు.