కూల్చినంత మాత్రాన హక్కు కూలదు



ఇల్లు కూలిన కుటుంబానికి చుట్టుపక్కల వారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "ప్రభుత్వంతో ఎవరు పోరాడగలరు? ఉన్నదేదో చూసుకోండి." సానుభూతితోనే చెబుతారు. కానీ చట్టం దృష్టిలో ఆ మాట సరికాదు. గోడలు కూలినంత మాత్రాన యజమాని హక్కు కూలిపోదు. ఈనాటి నా ప్రసంగం దాని గురించే.

మొదట ఒక భేదాన్ని గుర్తించాలి. శిథిలమై, ఏ క్షణంలోనైనా కూలే భవనాన్ని ఖాళీ చేయించి తొలగించే అధికారం పురపాలక సంస్థలకు ఉంది. హైదరాబాదులో జీహెచ్ఎంసీ చట్టం 456వ సెక్షన్ ఇటువంటి కట్టడాలకు సంబంధించినదే. ప్రాణరక్షణకు వాడే ఈ అధికారాన్ని మనం వ్యతిరేకించకూడదు. అధికారులు ప్రమాదమని చెప్పినప్పుడు పిల్లలతో, వృద్ధులతో లోపలే కూర్చోవడం ధైర్యం కాదు. అయితే "అత్యవసరం" అన్న మాటకు ఆధారం చూపవలసిన బాధ్యత అధికారులదే. ప్రమాదాన్ని ఎవరు పరీక్షించారు, ఏ నివేదిక ఆధారంగా నిర్ణయించారు, మరమ్మతుకు అవకాశం లేదా అని అడిగే హక్కు యజమానికి ఉంది.

భవనం పోయినా స్థలంపై యాజమాన్యం నిలిచే ఉంటుంది. కిరాయిదారుల సంగతి కూడా అంతే. పురపాలక సంస్థ భవనాన్ని కూల్చినంత మాత్రాన కిరాయి హక్కు అంతరించదని 2014లో మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిన్న దుకాణాలపై బ్రతికే మన కుటుంబాలు దీనిని తప్పక గుర్తుంచుకోవాలి.

ఇక అత్యవసరమేమీ లేకుండా హడావుడిగా సాగే కూల్చివేతల సంగతి. 2024 నవంబరు 13న జస్టిస్ బి.ఆర్. గవాయ్, జస్టిస్ కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం దేశమంతటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. కనీసం 15 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి, కట్టడంపైనా అంటించాలి. యజమాని వాదన స్వయంగా వినాలి. కారణాలతో కూడిన తుది ఉత్తర్వు ఇచ్చాక మరో 15 రోజులు ఆగాలి. కూల్చివేతను వీడియో తీయాలి. వీటిని ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారమే కాక, ఆ కట్టడాన్ని అధికారులు తమ సొంత ఖర్చుతో పునరుద్ధరించి, నష్టపరిహారం కూడా చెల్లించవలసి ఉంటుంది. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు మార్గం పక్కన, నది లేదా చెరువుల్లోని అనధికార కట్టడాలకు, కోర్టు కూల్చమన్న వాటికి ఈ ఆదేశాలు వర్తించవు. అధికారులు ఈ మినహాయింపును చూపినప్పుడు, మన కట్టడం నిజంగా ఆ హద్దులో ఉందా అన్నది సర్వే ద్వారా తేల్చమని కోరాలి.

పరిహారం కాగితం మీది మాట మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్‌లో రోడ్డు విస్తరణ పేరిట 2019లో ఒక జర్నలిస్టు ఇంటిని దండోరా వేసి కూల్చారు. 3.70 మీటర్ల ఆక్రమణ ఉందన్నారు. కూల్చింది అంతకు మించి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇప్పించింది. ప్రయాగ్‌రాజ్‌లో 2021 మార్చి 6న నోటీసు చేతికందగా, మరునాడే ఇళ్లు కూల్చారు. బాధితుల్లో ఒక న్యాయవాది, ఒక ఆచార్యుడు ఉన్నారు. 2025 ఏప్రిల్ 1న ఒక్కొక్క ఇంటి యజమానికి 10 లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని కోర్టు ఆదేశించింది. వారు నాలుగేళ్లు పట్టు విడవలేదు కనుకనే ఈ ఫలితం లభించింది.

మరి బాధితులు ఏమి చేయాలి? నోటీసు అందిన రోజే లిఖితపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆస్తిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దస్తావేజులు, నిర్మాణ అనుమతి పత్రాల నకళ్లు మరొక ఇంట భద్రపరచాలి. ఇంటి లోపలా వెలుపలా ఫొటోలు తీయాలి. భవనం ప్రమాదకరమంటే స్వతంత్ర ఇంజినీరుచే పరీక్ష చేయించాలి. కూల్చివేత ఆసన్నమైతే హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ దాఖలు చేయవచ్చు. కూల్చిన తరువాత ధ్వంసమైన సామానుకు సైతం జాబితా వ్రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి.

ఆలస్యం అన్నిటికంటే పెద్ద శత్రువు. చట్టం ప్రకారం చేశామని అధికారులు చెప్పే పనికి పరిహారం కోరే సివిల్ దావాకు లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు ఒక్క సంవత్సరమే. ప్రభుత్వంపై దావాకు సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు కూడా ఇవ్వాలి. డబ్బు లేదని వెనుకాడవద్దు. న్యాయసేవాధికార సంస్థల ద్వారా స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది.

చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ హరించరాదని రాజ్యాంగంలోని 300-ఎ అధికరణం చెబుతోంది. ఆ హామీ ఏ మతస్థుడికీ ఎక్కువ కాదు, ఏ మతస్థుడికీ తక్కువ కాదు. కనుక ప్రతి బస్తీలో ఇద్దరు ముగ్గురు చదువుకున్న యువకులు, యువతులు ఈ బాధ్యత తీసుకోవాలి. పొరుగింటి పత్రాలు సక్రమంగా ఉన్నాయా అని ఈ వారమే చూడండి. యంత్రాలు వీధి మలుపు తిరిగాక వెతికితే కాగితాలు దొరకవు.