కెన్నెడీల వంశచరిత్రము – మనకు నేర్పెడి పాఠము

 

సంఘాభ్యుదయమునుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఉపదేశముకంటె ఉదాహరణము మేలని తలఁచి, ఒక పరదేశకుటుంబపు చరిత్రమును మీ సన్నిధి నుంచుచున్నాను.

1845వ సంవత్సరమున ఐర్లండు దేశమున బంగాళాదుంప పైరునకుఁ దెగులు సోకెను. బీదల కదియే ఆహార మగుటచే ఘోరక్షామ మేర్పడెను. సుమారు పదిలక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు దేశాంతరగతు లైరి. వెక్సుఫర్డు మండలపు రైతుబిడ్డయగు ప్యాట్రిక్ కెన్నెడీ ఆ కాలముననే అమెరికాలోని బోస్టను నగరము చేరి, పీపాలు చేయుచు జీవించి, 1858లో మృతినొందెను. భార్య బ్రిడ్జెట్టు చిన్న యంగడి పెట్టుకొని పసిబిడ్డలఁ బెంచెను. ఈ వంశమునకు మూలస్తంభ మా యిల్లాలే యని నా యభిప్రాయము.

ఆమె కుమారుఁడు పి.జె. కెన్నెడీ రేవులోఁ గూలిపని చేసి, కూడఁబెట్టిన సొమ్ముతో మద్యశాల నెలకొల్పెను. ఆ వృత్తి మన కనుకరణీయము కాదు. కాని తనవారి కష్టసుఖములు విచారించుచు, వారి యోట్లు కూడఁగట్టి, మసాచుసెట్సు రాష్ట్రపు ఉభయ శాసనసభలలోను స్థానము సంపాదించెను. అతని కుమారుఁడు జోసెఫ్ 1912లో హార్వర్డు పట్టభద్రుఁడై, ధనవంతుఁడై, 1938లో ఇంగ్లండునందు అమెరికా రాయబారి యయ్యెను. జోసెఫ్ కుమారుఁడు జాన్ 1946లో ప్రతినిధిసభకును, 1952లో సెనేటునకును, 1960లో దేశాధ్యక్షపదవికిని ఎన్నుకొనఁబడెను. పీపాలు చేసినవాని మునిమనుమఁ డాతఁడు!

అంతకుముందు కాథలిక్కు మతస్థుఁ డెవ్వఁడును ఆ పీఠ మెక్కి యుండలేదు. 1928లో అల్ స్మిత్తు పరాజయమునకు మతద్వేష మొక హేతువు. 1960 సెప్టెంబరున హ్యూస్టను నగరమందలి ప్రొటెస్టంటు మతాచార్యుల యెదుట జాన్ నిలిచి, తాను కాథలిక్కుల యభ్యర్థి కాఁడనియు, తన రాజకీయపక్షపు టభ్యర్థి యనియు, మతము తన సొంతవిషయ మనియు స్పష్టముగాఁ జెప్పెను. తనవారి బలముతో మెట్లెక్కిన వంశము, శిఖరము చేరునప్పటికి అందఱివారము కావలసివచ్చెను. ఇది మనము మఱవరాదు.

1963లో జాన్, 1968లో తమ్ముఁడు రాబర్టు హంతకులచేఁ గూలిరి. కనిష్ఠుఁడు ఎడ్వర్డు 1962 మొదలు 2009లో మరణించువఱకు సెనేటరు. 1965లో నూతన వలసచట్టమును సెనేటునందు నడిపించినవాఁ డాతఁడే. అంతకుముందు హిందూదేశమునకు ఏఁటికి నూఱుమంది వాటా మాత్రమే. జన్మదేశమునుబట్టి వాటాలు విధించు నా పద్ధతిని ఈ చట్టము తొలఁగించెను. మన తెలుగుబిడ్డలు వైద్యులై, ఇంజనీర్లై వేలకొలఁది యచ్చటికి వెడలుటకుఁ దలుపు తెఱచిన దదియే. ఈ సభలోని తలిదండ్రులలో ననేకు లా చట్టమునకు ఋణపడియున్నారు. దానిని నడిపించినవాఁడు మన జాతివాఁడు కాఁడు, మన మతమువాఁడు కాఁడు.

కాఁబట్టి దాతలకు నా మనవి యొక్కటి. ఏరు దాటినవెనుకఁ దెప్ప తగులఁబెట్టుట మనకుఁ దగదు. మన సంఘము నిర్వహించు విద్యార్థి వసతిగృహమున అన్యకులముల బీదబాలబాలికలకును కొన్ని స్థలములు కేటాయింపుఁడు. కొందఱి కిది యప్రియముగాఁ దోఁపవచ్చును. సంఘము మన కాధారమే కాని హద్దు కారాదు.