ఎర్రకప్పులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సివిల్ ఇంజినీరును కదా, కొత్త భవనం గురించి చెబుతానని పిలిచారు. ఆ మాటకే వస్తాను, కాకపోతే ఒక బొమ్మ మీదుగా. తెర మీద ఉన్నది కమీ పిస్సారో 1877లో వేసిన 'ఎర్రకప్పులు'. పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అసలు బొమ్మ చిన్నదే. వెడల్పు సుమారు 65 సెంటీమీటర్లు, ఎత్తు 54.

వెనక వరుసల వాళ్లకు ఆనదేమో, చెబుతాను. ముందు ఆకురాలిన తోట. కొమ్మల సందుల్లోంచి ఇళ్లు. వెనక మిట్ట, పైన కాస్త నీలాకాశం. పారిస్‌కు దగ్గర్లోని పొంత్వాజ్, చలికాలం. మనిషి అలికిడి లేదు. కొమ్మలు అడ్డం కాబట్టి ఊరు ఒక్కసారిగా దొరకదు, మనమే తొంగి చూడాలి. పెంకుల్లో ఇటుక రంగు, నారింజ, అక్కడక్కడ నీలి జీర. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని పొద్దునొకసారి, సాయంత్రమొకసారి చూసిన పల్నాటివాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గరికెళితే రంగు ముద్దలే, దూరం జరిగితే ఊరు.

వెలుతురు మారేలోగా ఆరుబయట వేయడం ఇంప్రెషనిస్టుల పద్ధతి. దానికి వీలు కల్పించినవాటిలో 1841లో జాన్ రాండ్ కనిపెట్టిన తగరపు రంగు ట్యూబు ఒకటి. (ఇంజినీర్లకు ఇలాంటివే గుర్తుంటాయి.) ఈ బొమ్మను తోటి చిత్రకారుడు కాయిబోత్ తన దగ్గర దాచి, వీలునామాలో ఫ్రెంచి ప్రభుత్వానికి రాసిచ్చాడు. 1894లో ఆయన పోయాడు. అలా మన దాకా వచ్చింది.

మన ఊళ్లలో పెంకులు, నాపరాతి గోడలు ఒక్కొక్కటే పోయి శ్లాబులు వస్తున్నాయి. శ్లాబు కురవదు, కోతులకు లొంగదు. నా బతుకుతెరువే అది, దాన్ని తిట్టను.

ఇక అసలు సంగతి. కొత్త భవనం కోసం మన పాత పెంకుల వరుస మొత్తం తీసేయాలని తీర్మానం రాబోతోంది. ఉత్తరం వైపు 3 గదులు తీయాల్సిందే, పిల్లల్ని వాటిలో కూర్చోబెట్టకూడదు. వేపచెట్టు పక్కనున్న 2 గదుల సంగతి వేరు. నాపరాయి, సున్నంతో కట్టిన గోడలు ఇంకా నిటారుగా ఉన్నాయి. దూలాలు, వాసాలు మారిస్తే చాలు. కొత్త భవనాన్ని 12 అడుగులు పడమటికి జరిపితే అవి అడ్డం రావు. పిల్లలకు డ్రాయింగు గదులవుతాయి. ప్లాను గీశాను, ఖర్చు కూడా కట్టాను. కాగితం అధ్యక్షుల వారి బల్ల మీద ఉంది, చేతులెత్తే ముందు ఒకసారి చూడండి.