అవసరమునకు అట్టిపెట్టిన కారు



కొడంగలు ప్రాంతపు గ్రామములలో నేడొక క్రొత్త బాధ్యత పెద్దల మీద పడుచున్నది. కుమారులు హైదరాబాదులోనో పూనాలోనో ఉద్యోగము చేయుచు, తాము క్రొత్త కారు కొనుకొని, పాతదానిని స్వగ్రామమున తలిదండ్రుల వాకిట నిలిపి పోవుచున్నారు. ఎప్పుడైన అవసరమునకు పనికివచ్చునని వారి తలంపు.

తలంపు మంచిదే. కొడంగలు నుండి తాండూరునకు సుమారు 20 కిలోమీటర్లు. పరిగి, చేవెళ్ళల మీదుగా హైదరాబాదు చేరవలెనన్న నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. అర్ధరాత్రి ఒక గర్భిణికి నొప్పులు వచ్చినను, ఒక వృద్ధునకు గుండెలో బాధ కలిగినను, వాకిటనున్న బండి ప్రాణము నిలుపగలదు. కాని మూడు నెలలుగా కదలని ఆ బండి తాళము త్రిప్పిన వేళ మూగవోయినచో నేమగును? కారు లేని యింటివారు మొదటి క్షణముననే 108 నంబరునకు టెలిఫోను చేయుదురు. పొరుగువాని జీపునైనను అడుగుదురు. కారున్నదని నమ్మినవారు దానిని త్రోయుచు అరగంట పోగొట్టుకొందురు. కావున నమ్మదగని బండి లేని బండికంటె చెడ్డది. దానిని నమ్మదగినదిగా నుంచుట యెట్లో నేటి ప్రసంగ విషయము.

కొట్టములో ఎద్దు ఊరక కట్టియున్నను మేత వేయక, నీరు పెట్టక మానము. ఆకలియైన అది అరచును. కారు అరవదు. నడపనందున అరుగుదల లేదు గదా యని మనము నిశ్చింతగ నుందుము. లోపల అది మెల్లగ చెడుచుండును. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి రోల్సు రాయిసు కారును మీలో కొందరు చూచియుందురు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను దానిని కోరి చేయించినాడు. ఆయన 1911లో గతించుటచే అది ఏడవ నిజామునకు దక్కినది. ఉత్సవములకు తప్ప బయటికి రాని ఆ బండి దశాబ్దుల కాలములో నడచినది కొలది వందల మైళ్ళు మాత్రమే. ఐనను దానికి నిపుణులచే పునరుద్ధరణము తప్పలేదు. తక్కువ నడచిన బండి మంచి బండి యనుట అన్నివేళల నిజము కాదు.

నిలిచిన బండిలో మొదట చచ్చునది బ్యాటరీ. గడియారము, తలుపుల తాళపు యంత్రము మొదలగునవి బండి నిద్రించునప్పుడును కొంచెము కొంచెముగ విద్యుత్తును త్రాగుచుండును. వేసవి వేడి ఈ నష్టమును హెచ్చించును. పూర్తిగ నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపును, 12.2కు దిగినచో సగము ఖాళీయైనదని తెలియవలెను. ఆ స్థితిలో చిరకాలముంచిన లోపలి సీసపు పలకలపై గట్టిపొర యేర్పడి, పిదప ఎంత విద్యుత్తు ఎక్కించినను అది నిలువదు. కొందరు ప్రతి ఉదయము అయిదు నిమిషములు ఇంజను నడిపి ఆపుదురు. ఇందువలన మేలుకంటె కీడే యెక్కువ. మొదలుపెట్టుటకు ఖర్చైన విద్యుత్తు అంతలో తిరిగి నిండదు; వేడెక్కని ఇంజనులోను పొగగొట్టములోను చెమ్మ నిలుచును. వారమున కొకమారు పదునైదు, ఇరువది కిలోమీటర్లు రోడ్డుపై నడపుటయే సరియైన పని. నెలకు మించి నడుపువా రెవ్వరును లేనిచో మైనసు గుర్తుగల తీగను ఊడదీసి యుంచవలెను. ఊడదీయునప్పుడు మొదట మైనసు, బిగించునప్పుడు కడపట మైనసు అను క్రమము తప్పరాదు.

మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనుష్యుని నిద్రలోనికి దింపినట్లు దింపి చంపును.

ఇక పెట్రోలు. నేటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళవరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. టాంకు సగము ఖాళీగ నున్నచో ఆ ఖాళీలోని తేమ వానకాలమున నీటి చుక్కలై లోపల చేరును. కావున టాంకును నిండుగ నుంచి, రెండు మూడు నెలలలో దానిని వాడి, క్రొత్తది పోయించుచుండవలెను. నిండు టాంకు అర్ధరాత్రి ప్రయాణమునకును అక్కరకు వచ్చును. డీసెలు బండికిని నీరే శత్రువు.

టైర్లలోని గాలి నెలకు ఒకటి రెండు పౌండ్ల చొప్పున తానే తగ్గును. ఎంత గాలి యుండవలెనో డ్రైవరు తలుపు ప్రక్కన అంటించిన చీటిపై వ్రాసియుండును. ఒకేచోట నిలిచిన టైరు నేలకానిన భాగమున చదునగును. అందుచేతనే వారమున కొకమారు కదలింపు. టైరు ప్రక్కన నాలుగంకెలు గల ముద్ర చూడుడు. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. చారలు లోతుగ కనిపించినను, ఆరేండ్లు దాటిన టైరును తెలిసినవానికి చూపవలెను. పదేండ్లు దాటినదానిని మార్చవలెను. స్టెప్నీలో గాలియున్నదా, జాకీ బండిలో నున్నదా యనునది పగటివేళనే చూచుకొనవలెను.

దీర్ఘకాలము నిలుపు బండికి హ్యాండు బ్రేకు లాగి యుంచరాదు. వానకాలమున బ్రేకు చెక్కలు తుప్పుతో అంటుకొనిపోవును. చదునైన నేలపై గేరులో నుంచి, చక్రములకు ముందు వెనుకల రాళ్ళు పెట్టిన చాలును. మన తాండూరు షాబాదు బండలు ఇందుకు మిక్కిలి అనుకూలము. శుభ్రముగ తుడిచిన బండలపై బండిని నిలిపినచో, క్రింద పడిన ప్రతి చుక్కయు మరునాడు కనిపించును. నల్లనిది ఇంజను ఆయిలు. ఆకుపచ్చగనో ఎఱ్ఱగనో యున్నది కూలెంటు. చక్రము దగ్గర పడినది బ్రేకు నూనె కావచ్చును. బ్రేకు నూనె కారుచున్న బండిని ఒక్క అడుగైనను నడుపక మెకానిక్కును పిలిపింపుడు. ఈ ద్రవములు దూరమును బట్టియే కాక కాలమును బట్టియు చెడును. ఇంజను ఆయిలును ఏడాదికొకమారు, బ్రేకు నూనెను రెండేండ్ల కొకమారు మార్పించుట మేలు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మనకందరకు గర్వకారణము. ఐతే కంది యింటికి వచ్చు దినములలో ఎలుకయు వచ్చును. కారు ప్రక్కన కందికట్టె పేర్చుట, వెనుక సీటులో కంది బస్తా దాచుట ఎలుకను పిలిచి పీట వేయుటయే. అది ఇంజను వెచ్చదనమున గూడు పెట్టి తీగలు కొఱుకును. బండి చుట్టు నేల ఖాళీగ నుంచి, వారమున కొకమారు బానెట్టు ఎత్తి చూడవలెను. ఎలుకబోను పెట్టుడు, విషము వలదు. విషము తిన్న ఎలుక బండిలోనే చచ్చి దుర్గంధము కలిగించును. కప్పుటకు ప్లాస్టికు పట్టా వలదు. క్రింద చెమ్మ నిలిచి రేకు తుప్పుపట్టును. గాలి యాడు నూలుగుడ్డ మేలు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. 2025 ఏప్రిలు నెలలో, మన హైదరాబాదు దారిలోని చేవెళ్ళ మండలము దామరగిద్ద గ్రామమున, ఇంటి దగ్గర నిలిపిన కారులోని కెక్కిన ఇద్దరు చిన్న బాలికలు ఊపిరాడక మరణించినారు. మరుసటి నెలలోనే విజయనగరము జిల్లా ద్వారపూడిలో నలుగురు పిల్లలు అట్లే మరణించినారు. ఎండలో మూసియున్న కారు లోపలి వేడి అరగంటలో బయటికంటె సుమారు 20 డిగ్రీలు హెచ్చును. చిన్నపిల్లల చేతులకు తలుపు తెఱచుట తెలియదు; వారి కేకలు బయటికి వినబడవు. నిత్యము వాడు కారును ఎవరో యొకరు చూచుచుందురు. వాడని కారు వంక ఎవ్వరును చూడరు. కావున దిగిన వెంటనే అన్ని తలుపులకును డిక్కీకిని తాళము వేయవలెను. తాళపు చెవి పిల్లల కందనిచోట, ఇంటి పెద్దలందరకు తెలిసినచోట నుండవలెను. పిల్లవాడు కనబడనిచో బావి, చెఱువులతోపాటు ముందుగ కారును వెదకుడు.

పత్రముల మాటయు మఱువరాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, వీధిలో నడపు ప్రతి బండికి ఇతరులకు కలుగు నష్టమునకు భీమా యుండి తీరవలెను. ఏడాదికి పదిమార్లు మాత్రమే నడిపెదమను మాట చట్టము వినదు. రిజిస్ట్రేషనునకు 15 ఏండ్లు నిండినచో మరల చేయింపవలెను. కాలుష్య పరీక్షా పత్రము గడువును గోడ క్యాలెండరుపై గుర్తించి యుంచుడు.

ఈ పనులలో కష్టమైన దొక్కటియు లేదు. అందరి పని యనుకొని ఎవ్వరును చేయకుండుటయే కష్టము. కాబట్టి లైసెన్సు గల మనుష్యు నొకని, దినము నొకదానిని ఏర్పరుపుడు. మీ ఊరి సంతదినమైనచో మఱపు రాదు. ఆనాడు గాలి, ఆయిలు, దీపములు, బ్రేకులు చూచి, సంతకు బండిలోనే పోయి రండి. తేదీని, నడచిన దూరమును ఒక చిన్న పుస్తకమున వ్రాయుడు. ఆ పుస్తకమున రెండు వారములు ఖాళీగ కనిపించినచో, ఆ బండిపై ఆశ పెట్టుకొనక పొరుగువాని టెలిఫోను నంబరు దగ్గర నుంచుకొనుడు. చక్కగ నడుప వీలులేని పక్షమున, బిడ్డలకు చెప్పి దాని నమ్మించివేయుటయు మంచి నిర్ణయమే. వాకిట నిలిచిన బండి ఇంటికి ధైర్యము కావలెను గాని భ్రమ కారాదు.