రాతికప్పు క్రింది కవిలెలు

(ఉపన్యాస పాఠము)



ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో మెర్టను కళాశాల యను ప్రాచీన విద్యాసంస్థ కలదు. దానిని చూడబోయినవారికి 'మాబ్ క్వాడ్' అను చిన్న చతుశ్శాల మూలయందు ఒక వింతకప్పు కంటబడును. చుట్టునున్న కప్పులకంటె అది మిక్కిలి ఏటవాలుగా లేచి, రాతిపలకలతో కప్పబడియుండును. 13వ శతాబ్ది చివర కట్టిన ఆ గది కళాశాలవారి కోశాగారము. అందు భద్రపరుపబడినవానిలో ధనముకంటె విలువైనవి దస్తావేజులు. ఊరిలో అగ్నిభయము నిత్యమైన ఆ కాలమున, నిప్పురవ్వ పడినను అంటుకొనకుండుటకే ఆ రాతికప్పు. కళాశాల గ్రంథాలయ భవనము 1370ల దశకమున గాని లేవలేదు. అంతవరకు గ్రంథములు చాలవరకు పెట్టెలలో కాలము గడపినవి. విద్యాసంస్థ యొకటి పుస్తకములకు ఇల్లు కట్టుటకు సుమారు ఎనుబదియేండ్ల ముందే కాగితములకు కోట కట్టుకొన్నదన్నమాట. కాగితములనుట మాటవరుసకే, అవి నిజమునకు తోలుపత్రములు.

ఈ ముందుచూపునకు కారణము కలదు. రాజుగారి కొలువున చాన్సలరు పదవి నిర్వహించిన వాల్టర్ డి మెర్టను అను ప్రముఖుడు 1264లో ఈ సంస్థను స్థాపించి, 1274లో దానికి తుది నిబంధనావళిని ఒసగెను. విద్యార్థుల పోషణకై ఆయన సమకూర్చినది రొక్కము గాదు, భూములు. సర్రీ ప్రాంతమున మాల్డెను మొదలుకొని ఉత్తరమున నార్తంబర్లండు వరకు అనేక గ్రామములందు కళాశాలకు హక్కులు ఏర్పడినవి. భూమి యున్నచోట వ్యాజ్యముండును. వ్యాజ్యమున్నచోట పత్రమే ఆయుధము. ఆంగ్లమున ఇట్టి పత్రములను 'మ్యూనిమెంట్లు' అందురు. ఆ పదమునకు మూలమైన లాటిను ధాతువునకు కోట కట్టుట, రక్షించుట అని అర్థము. ప్రభువుల కుటుంబములు అంతరించినవి, ఆస్తులు జప్తు అయినవి, వానితో వారి దస్తరములును నశించినవి. కళాశాలకు మరణము లేదు, వారసత్వపు తగాదా లేదు. కావుననే దాని పెట్టెలు ఏడువందల సంవత్సరములకు పైగా ఒకే యజమాని చేతిలో నుండగలిగినవి.

ఆ పెట్టెలలో నున్నవి ఒక జాతి పత్రములు కావు. మైనపు ముద్రలు వ్రేలాడు దానపత్రములు ఉన్నవి. స్థాపకుని నిబంధనావళులు ఉన్నవి. ఆక్స్‌ఫర్డులో కళాశాల వెలసిన నివేశనస్థలములలో కొంతభాగమును 1260ల దశకమున యాకోబు అను యూదునివద్ద కొనిరి. ఆ కాలపు హీబ్రూ లిపిలోని రసీదు వంటి పత్రమొకటి అక్కడ నిలిచియున్నది. 1290లో మొదటి ఎడ్వర్డు రాజు యూదులనందరిని దేశమునుండి వెడలగొట్టెను. ఆక్స్‌ఫర్డులో వారి వీధి లేదు, వారి ప్రార్థనామందిరము లేదు. వారిని తరిమిన రాజ్యములోనే, వారినుండి స్థలము కొన్నవారి పెట్టెలో వారి చేవ్రాలు మిగిలినది. 1483 మొదలుగా కళాశాల సభల తీర్మానముల రిజిస్టరు కలదు. కేంబ్రిడ్జిలో 'పైథాగొరసు పాఠశాల' యని పేరుబడిన పురాతన గృహము 13వ శతాబ్దినుండి 1959 వరకు మెర్టనువారి సొత్తే. ప్రత్యర్థి విశ్వవిద్యాలయపు నడిబొడ్డున ఆరువందల యేండ్లకు పైగా ఇల్లు నిలుపుకొనుట ఆక్స్‌ఫర్డువారికి ఎంత తృప్తి కలిగించెనో ఊహించుకొనవచ్చును.

ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయువారికి ఆసక్తి కలిగించు ఒక చిన్న సంగతి ఇచ్చట చెప్పదగినది. ఆ కాలమున ఇరుపక్షముల ఒడంబడికను ఒకే తోలుపత్రముపై రెండుమారులు వ్రాసి, నడుమ పండ్లవరుసవలె వంకరటింకరగా కోసి, చెరియొక ముక్క తీసికొనెడివారు. వివాదము వచ్చినపుడు రెండు ముక్కల పండ్లును కలిసిన పత్రము నిజమైనది, లేనిచో దొంగది. దంతమను అర్థముగల లాటిను శబ్దమునుండి దానికి 'ఇండెంచరు' అను పేరు వచ్చినది. స్టేషనరీ కొరకు, కుర్చీల కొరకు గుమాస్తాలు నేడును పెట్టు 'ఇండెంటు' ఆ పంటివరుసకు మునిమనుమడు.

అయితే ఈ భాండాగారమునకు చరిత్రకారులలో కీర్తి తెచ్చినవి దానపత్రములు గావు, జమాఖర్చుల చుట్టలు. వానిలోను ప్రసిద్ధమైనవి కక్సాము అను గ్రామమునకు చెందినవి. కక్సాము ఆక్స్‌ఫర్డునకు ఆగ్నేయముగా సుమారు 12 మైళ్ల దూరమున నున్న చిన్నపల్లె. అచ్చటి కళాశాల సొంతసాగును చూచుటకు 'రీవు' అను గ్రామోద్యోగి యుండెడివాడు. ఆ పల్లె దాస్యరైతులలో ఒకడే ఆ పదవిలో నుండును. 1311 నుండి 1349 వరకు, ముప్పదియెనిమిది సంవత్సరములు, కక్సాము రీవుగా పనిచేసినవాడు రాబర్టు ఓల్డ్‌మను.

తెలుగునాటి కరణముతో ఈతనిని పోల్చవచ్చును గాని, తేడా ముఖ్యమైనది. కరణము తానే వ్రాసికొనెడివాడు. కవిలె కట్ట ఆయన ఇంటి సొత్తుగా నుండెడిది. రీవుకు సాధారణముగా చదువు రాదు. కర్రలపై గాట్లు పెట్టియు, జ్ఞాపకమున నిలుపుకొనియు లెక్క చెప్పగా, వ్రాయసకాడు లాటిను భాషలో, రోమను అంకెలలో దానిని తోలుచుట్టపై ఎక్కించెడివాడు. చుట్టకు ముందువైపున రొక్కపు జమాఖర్చులు. వెనుకవైపున ధాన్యము, పశువులు: విత్తినదెంత, పండినదెంత, ఈనినవెన్ని, చచ్చినవెన్ని. చచ్చిన పశువునకు చర్మము లెక్క చూపవలెను. తరువాత తనిఖీదారులు కూర్చుండి, ఒప్పని ఖర్చును కొట్టివేసి, పైన తమ అంకె వేయుదురు. ఆ తేడా రీవు చేతినుండి పోవలసినదే. ఆడిటు అభ్యంతరమునకు సమాధానము వ్రాసిన అనుభవము గలవారికి ఓల్డ్‌మనుపై కొంత సానుభూతి కలుగకమానదు.

1331 నాటి చుట్టలో తిరుగటిరాళ్ల కథ యొకటి కలదు. మరలకు మంచిరాళ్లు కావలసివచ్చి ఓల్డ్‌మను లండనునకు పోయెను. అయిదురాళ్లు కొనెను, వెల 15 పౌండ్ల 16 షిల్లింగుల 8 పెన్నీలు, ఆ కాలమునకు పెద్దమొత్తము. బేరము కుదిరిన పిమ్మట త్రాగిన ద్రాక్షాసవము ఖర్చును లెక్కకెక్కినది. రాళ్లను పడవకెక్కించి థేమ్సు నదిపై హెన్లీవరకు తెచ్చిరి. పడవకూలి, రేవుసుంకము వేరువేరుగా పద్దులు పడినవి. ఒక పల్లెటూరి దాస్యరైతు రాజధానికి పోయి, వర్తకులతో బేరమాడి, బరువైన సరకును నదీమార్గమున రప్పించిన వృత్తాంతము ఏ కావ్యమునను లేదు. బాకీ నిలువకుండుటకై చెప్పుకొన్న లెక్కలో ఉన్నది.

ఇదే కాలమున అదే కళాశాలలో థామసు బ్రాడ్వర్డైను అను పండితుడుండెను. చలనమును గణితముతో కొలువబూనిన మెర్టను మేధావులలో ఆయన అగ్రగణ్యుడు. 1328లో వ్రాసిన వేగనిష్పత్తుల గ్రంథము యూరపు విశ్వవిద్యాలయములందెల్ల పఠింపబడినది. పల్లెల ధాన్యము, శిస్తు లేనిదే ఆ పండితులకు అన్నము లేదు, తీరిక లేదు. బ్రాడ్వర్డైను 1349లో కాంటర్‌బరీ ప్రధానమతాధికారియై, పదవి నందిన కొలదివారములకే, ఆగష్టు 26న, మహామారికి బలియయ్యెను. ఆ సంవత్సరమే, అంతకు కొన్నినెలల ముందు, రాబర్టు ఓల్డ్‌మను అదే వ్యాధితో మరణించెను. ఆతని స్థానమునకు వచ్చినవారును వెంటవెంటనే పోయిరి. ఆ యేటి ఆరంభమున కక్సాములో భూమి దున్నుచుండిన దాస్యరైతులు 12 మంది. సంవత్సరాంతమునకు ఆ పండ్రెండుగురిలో ఒక్కడును మిగులలేదు.

ప్రధానమతాధికారి మరణమును లోకము వ్రాసికొన్నది. పండ్రెండుగురు రైతుల మరణమును ఎవ్వరును చరిత్రగా వ్రాయలేదు. రావలసిన శిస్తు ఏల రాలేదో, చేయవలసిన వెట్టి ఏల జరుగలేదో యజమానికి చెప్పవలసివచ్చినందున అది తెలియవచ్చినది. ఈ పత్రముల బలమును లోపమును రెండును ఇందే యున్నవి. ఇవి యజమాని పత్రములు. రైతు అందు కనబడునది బాకీదారుగా, జరిమానా కట్టినవాడుగా, వెట్టికి రానివాడుగా మాత్రమే. లీస్టరు మండలమున 1270 ప్రాంతమున కళాశాల వశమైన కిబ్వర్తు హార్కోర్టు గ్రామపు పత్రములు ఇంకొక కోణమును చూపును. 15వ శతాబ్ది తొలి అర్ధమున అచ్చటి రైతులు తమ భూములకు అంటియున్న 'దాస్య' శబ్దమును తొలగింపుమని పట్టుబట్టిరి. మడకలు సాగక, శిస్తులు రాక, కళాశాల తుదకు తలయొగ్గెను. శాస్త్రజ్ఞాన నిలయమైన సంస్థ రైతునకు స్వేచ్ఛను తానై ఇచ్చినది కాదు. ఈ నిజమును దాని సొంత పెట్టెలే చెప్పుచున్నవి. వానిని కాల్చివేయనందుకు కళాశాలను మెచ్చుకొనవలసియున్నది. 2010లో మైకేల్ వుడ్ ఆ గ్రామచరిత్రను టెలివిజనులో ప్రదర్శించినపుడు ఈ పత్రములే ఆధారమైనవి.

వానిని వ్రాసినవారెవ్వరు ఈ ప్రయోజనమును ఊహింపలేదు. 19వ శతాబ్దిలో థారొల్డు రోజర్సు అను ఆచార్యుడు ఈ చుట్టలను విప్పి, గోధుమ ధర, కూలివాని దినవేతనము, వడ్రంగి కూలి ఏరి కూర్చి, ఇంగ్లండు వ్యవసాయ చరిత్రను, ధరల చరిత్రను 1866 మొదలుగా ఏడు సంపుటములుగా వెలువరింపసాగెను. 1965లో పి. డి. ఎ. హార్వే కక్సాము గ్రంథమును వెలువరించెను. వ్యయమును కొట్టివేసిన తనిఖీదారు కలపుగీత క్రింది అంకెయు, పైనున్న అంకెయు రెండును నేడు సాక్ష్యములే.

పనికిరానివని తలచి పాతలెక్కలను వదలించుకొనుటలో ఆ దేశమునకు వేరొక అనుభవమును కలదు. రాజకోశాగారపు పాత గాట్లకర్రలను 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనపు పొయ్యిలలో వేసి కాల్చుచుండగా మంటలు చెలరేగి, ఆ రాత్రికి పార్లమెంటు భవనమే చాలవరకు భస్మమైనది. తెలుగునాట నష్టము ఇంత ఆర్భాటముగా జరుగలేదు. కర్నలు కాలిన్ మెకంజీ (1754–1821) కొలువున కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు ఊరూర తిరిగి గ్రామచరిత్రలను సేకరించినపుడు, పలు కైఫీయతులకు ఆధారము కరణముల ఇండ్లనున్న దండకవిలెలు. నకళ్లు మద్రాసు ప్రాచ్యలిఖిత భాండాగారమునకు చేరి నిలిచినవి. మూలమైన కవిలెలలో అధికభాగము చెదలకు, అటకలకు, వరదలకు పోయినవి. వానికి రాతికప్పు లేదు; అంతకంటె ముఖ్యముగా, వారసులు పంచుకొనని యజమాని లేడు.

కక్సాము చుట్టలును శాశ్వతముగా సాగలేదు. మహామారి తరువాత కూలివారు కరవైరి, కూలి పెరిగినది, సొంతసాగు గిట్టుబాటు కాలేదు. కొన్నియేండ్లకే కళాశాల ఆ భూమిని కౌలునకిచ్చెను. కౌలుదారు తన పంటలెక్కను కళాశాలకు చూపనక్కరలేదు. ఏ గొఱ్ఱె చచ్చినది, ఏ రాయి ఏ రేవునుండి వచ్చినది, ఎవ్వడు కోతకు రాలేదు అను పద్దులన్నియు అంతటితో ఆగిపోయినవి. పల్లె అచ్చటనే యున్నది, మనుష్యులును ఉన్నారు. రాతికప్పు క్రింది లెక్కలలో మాత్రము వారికి మారుగా కౌలుమొత్తమొకటియే వ్రాయబడుచు వచ్చినది.